మృగాల దగ్గర బతికి, దర్బారులో చతికిలబడ్డ నవల: ‘ద బీస్ట్ ప్లేయర్’ చదివినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

చిత్తుపుస్తకం:

నహోకో ఉయెహాషి రాసిన ‘ద బీస్ట్ ప్లేయర్’ పూర్తయింది. నచ్చిందో లేదో నాకే తేలట్లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. జపాన్‌లో 2006లో వచ్చిన నవల, క్యాథీ హిరానో చేసిన ఇంగ్లీషు అనువాదం 2018లో వచ్చింది. నేను చదివింది అదే. మలుపులు చెప్పకుండా దీని గురించి మాట్లాడటం నా వల్ల కాదు, చదవాలనుకునేవాళ్ళు ఇక్కడితో ఆగిపోండి.

కథ నాలుగు ముక్కల్లో చెప్తా. లియోజా అని ఒక రాజ్యం. దానికి యోజే అనే రాణి, ఆవిడ దేవతతో సమానం, చేతికి నెత్తురు అంటకూడదు. ఆ నెత్తురంతా అంటించుకునేది అలూహన్ అనే దొర, యుద్ధాలు ఆయన వంతు. ఆయన సైన్యం టోడాల మీద స్వారీ చేస్తుంది. టోడా అంటే కొమ్ములున్న పెద్ద నీటిపాము లాంటిది. రాణి దగ్గర రాజమృగాలుంటాయి, తోడేలు మొహం, రెక్కలు. టోడాని చంపి తినగలిగేది అదొక్కటే.

ఎలిన్ అనే పదేళ్ళ పిల్ల, వాళ్ళమ్మ సోహ్యోన్ టోడాలకి వైద్యం చేస్తుంటుంది. ఒక రాత్రి ఆవిడ చూసుకునే మేలురకం టోడాలన్నీ చచ్చిపోతాయి. తప్పు ఆవిడ మీద పడుతుంది, తీసుకెళ్ళి అడవి టోడాలున్న మడుగులో వదిలేస్తారు. అమ్మ కట్లు విప్పుదామని ఈ పిల్ల ఈదుకుంటూ వెళ్తుంది. తల్లి చివరికి నోట్లో వేళ్ళు పెట్టి ఈల వేసి ఒక టోడాని లొంగదీసి, పిల్లని దాని మీద ఎక్కించి పంపేస్తుంది. తను అక్కడే ఉండిపోతుంది. ఇది మొదట్లోనే, పుస్తకం ఇంకా సర్దుకుని కూర్చోకముందే.

నా గోల ఏంటంటే, ఎలిన్ ఏదో ఒక జంతువు పక్కన ఉన్నంతసేపూ నేను పుస్తకం కిందపెట్టలేకపోయాను. జోయున్ అని తేనెటీగలు పెంచే పెద్దాయన ఆ పిల్లని చేరదీస్తాడు, అక్కడ ఈగలు ఇలా ఎందుకు చేస్తాయి అలా ఎందుకు చేయవు అని ఆ పిల్ల అడిగే ప్రశ్నలతోనే పేజీలకి పేజీలు గడిచిపోతాయి, కథ అంగుళం కదలదు, అయినా విసుగు రాలేదు. తర్వాత రాజమృగాల సంరక్షణశాలలో ఉండే బడికి వెళ్తుంది. అక్కడ లీలన్ అనే మృగం పిల్ల, బాణం దెబ్బ తిని, తిండి ముట్టకుండా పడి ఉంటుంది. ఈ మృగాల దగ్గరికి వెళ్ళాలంటే నిశ్శబ్దపు ఈల ఊదాలి, ఊదగానే అవి కొయ్యబారిపోతాయి, అది అక్కడి శాసనం. ఎలిన్ ఊదనంటుంది. అడవిలో తల్లిమృగం దాని పిల్లతో చేసిన చప్పుడు తనకి గుర్తుంది. ఆ చప్పుడు వచ్చేలా తీగల వాయిద్యాన్ని మార్చుకుని, ఆ కొట్టంలోనే పడుకుని, మీటుతూ ఉంటుంది. ఒకసారి అది బదులిస్తుంది. అంతే. ఆ చోట నేను ఊపిరి బిగబట్టి చదివాను.

తర్వాత దర్బారు వస్తుంది. రాణి మనవరాలు సెయ్‌మియా, అలూహన్ కొడుకులు షునన్, నుగన్, రాణి మేనల్లుడు దామియా. ఎవరికి ఎవరు ఏమవుతారో చూసుకోవడానికి వెనక్కి తిప్పుతూనే ఉన్నా. దామియా నవ్వుతూ లోపలికి రాగానే వీడే విలన్ అని తెలిసిపోయింది, ఆ తర్వాత రెండొందల పేజీలు ఆ సంగతి మిగతా పాత్రలకి తెలియడానికి కాచుకుని కూర్చున్నాను. ముగింపు చూస్తే... మైదానంలో యుద్ధం, ఎలిన్‌కి బాణం, లీలన్ వచ్చి నోట కరుచుకుని ఎత్తుకుపోతుంది, పుస్తకం అయిపోతుంది. రాజ్యం ఏమైంది? ఎవరు బతికారు? ఏమీ లేదు. పేజీలు ఊడిపోయిన కాపీ ఏమైనా వచ్చిందా అని చూసుకున్నా, నిజంగా.

మీకెలా అనిపించింది? నాదేనా తేడా?


పేజీతిప్పను:

అక్కా నేను సగంలో వదిలేశాను. ఫ్యాంటసీ అని కొన్నాను, మ్యాజిక్ ఏదీ? ఒక్క మంత్రం లేదు, ఒక్క కత్తిఫైట్ సరిగ్గా లేదు. తేనెటీగల దగ్గర నిద్రొచ్చేసింది. దీని యానిమే (జపనీస్ కార్టూన్ సీరియల్) ఉంది, 2009లో వచ్చింది, 50 ఎపిసోడ్లు, అదైతే కొంచెం చూడగలిగా. పుస్తకంలో మాత్రం వ్యవసాయ కార్యక్రమం చూస్తున్నట్టు ఉంది.


పశువైద్యుడు_తెనాలి:

వ్యవసాయ కార్యక్రమం లాగే ఉంది కాబట్టే నేను చదివాను బాబూ.

నేను నవలలు పెద్దగా చదవను. మా అమ్మాయి కొని బల్ల మీద పడేసి పోతే తిరగేశాను. మామూలుగా కథల్లో జంతువు అంటే రెండు రకాలు, భయపెట్టేది లేకపోతే ముద్దొచ్చేది. జబ్బు చేసిన జంతువు, తిండి మానేసిన జంతువు, దాని పక్కన ఏం చేయాలో తోచక కూర్చున్న మనిషి, ఇవి రాసినవాళ్ళు తక్కువ. ఈవిడ రాసింది. ఎలిన్ చేసేది వైద్యం కాదు, ముందు చూడటం. రోజూ కూర్చుని చూడటం. మాకు కాలేజీలో మొదట నేర్పేది అదే, డ్యూటీలో చేరాక మొదట మర్చిపోయేదీ అదే, ఎందుకంటే బయట ఇంకో ఇరవై గేదెలు లైన్లో ఉంటాయి.

ఊళ్ళో పాడి ఉన్న ఇళ్ళలో పుట్టినవాళ్ళకి తెలుస్తుంది. ఈనిన గేదెకి దూడ చచ్చిపోతే అది చేపదు. పొదుగు నిండా పాలున్నా చుక్క దించదు. వెనకటికి చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి ముందు నిలబెట్టేవాళ్ళు, గేదె దాన్ని నాకుతూ చేపేది. చూడటానికి బాధగా ఉంటుంది గానీ కనీసం గేదెకి ఏం కావాలో ఆలోచించి చేసిన పని అది. ఇప్పుడు ఆక్సిటోసిన్ సూది పొడిచేస్తున్నారు, దొంగచాటుగా అమ్మే సరుకు, ఎంత డోసో పొడిచేవాడికే తెలియదు. రెండు నిమిషాల్లో పని అయిపోతుంది. లీలన్ కొట్టంలో తీగ వాయిద్యం ఉన్న పేజీలు చదువుతున్నప్పుడు నాకు ఆ రెండు పద్ధతులూ గుర్తొచ్చాయి. ఈల ఊదితే పని అవుతుంది, మృగం కొయ్యబారిపోతుంది, దెబ్బకి కట్టు కట్టొచ్చు. కానీ ఈల ఊది పెంచిన మృగాలు ఎగరవు, పిల్లల్ని పెట్టవు. ఈల లేకుండా పెరిగిన లీలన్ ఎగిరింది, జతకట్టింది, పిల్లని పెట్టింది. రచయిత్రి ఇది పాఠంలా చెప్పకుండా జరిగిపోనిచ్చింది.

ఒక లోటు చెప్తాను. ఆ రాజ్యంలో టోడాలకీ రాజమృగాలకీ ఒక మందునీళ్ళు తాగిస్తారు, బలం వస్తుందని. తరతరాలుగా తాగిస్తున్నారు. ఎలిన్ వచ్చేదాకా ఒక్కడంటే ఒక్కడు, ఒక జంతువుకి ఆపేసి ఏమవుతుందో చూద్దాం అనుకోడు. మొదట ఇది రచయిత్రి తెలివితక్కువ అనుకున్నాను. శాసనం తప్పితే ప్రాణం పోతుంది అని తర్వాత అర్థమైంది. అలాంటి చోట ప్రయోగం ఎవడు చేస్తాడు.


చిత్తుపుస్తకం:

డాక్టరుగారూ, మీ పోస్టు చదివాక నాకు పుస్తకం ఇంకో రెండు మార్కులు పెరిగింది. కానీ మీరు దర్బారు గురించి ఒక్క ముక్క రాయలేదు చూశారా!


పశువైద్యుడు_తెనాలి:

అవి వచ్చినప్పుడల్లా వేగంగా తిప్పేశానమ్మా. అడగొద్దు.


యోకోహామా_తెలుగోడు:

ఇక్కడ జపాన్‌లో ఉంటున్నాను కాబట్టి కొంచెం నేపథ్యం. చిత్తుపుస్తకం గారు చదివింది నిజానికి రెండు జపనీస్ సంపుటాలు కలిపి కట్టిన పుస్తకం. మొదటిది టోడాల భాగం, రెండోది రాజమృగాల భాగం, రెండూ 2006లోనే. రచయిత్రి కథ అక్కడితో అయిపోయిందనే అనుకున్నారు. 2009లో ఇంకో రెండు సంపుటాలు రాశారు. ఆ రెండూ కలిపి ఇంగ్లీషులో ‘ద బీస్ట్ వారియర్’ అని 2020లో వచ్చింది. అంటే మీకు తెగిపోయినట్టు అనిపించిన ముగింపు సీక్వెల్ కోసం వదిలిన ముడి కాదు. మొదట్లో ఆమెకి ముగింపు అదే.

ఇంకోటి, ఇక్కడ పుస్తకాల షాపులో ఇదే నవల రెండు చోట్ల కనిపిస్తుంది. పిల్లల అరలో బొమ్మలతో, కష్టమైన లిపి పక్కన ఎలా పలకాలో చిన్న అక్షరాలు వేసి. పెద్దల అరలో మామూలు పాకెట్ ఎడిషన్. మా ఆఫీసులో ఒకావిడ స్కూల్లో ఉన్నప్పుడు చదివిందట, ఇప్పుడు పిల్ల పుట్టాక మళ్ళీ చదువుతోంది. దర్బారు పాత్రలు అంత సూటిగా ఉండటానికి ఇదో కారణం కావచ్చు, పన్నెండేళ్ళ పిల్లకి కూడా ఎవరు ఎటువైపో తెలియాలి కదా.

ఉయెహాషి గారు వృత్తిరీత్యా ఆంత్రోపాలజిస్టు. ఆస్ట్రేలియా ఆదివాసుల మధ్య ఉండి పరిశోధన చేసిన మనిషి, యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. 2014లో బాలసాహిత్యానికి ఇచ్చే హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ అవార్డు వచ్చింది. ఈ సంగతి తెలిశాక ఆ నవలలో శాసనాలు, అంటుముట్టు, ఎవరు ఎవరితో కలవకూడదు అనేవి వేరేగా చదివాను. మనకి ఫ్యాంటసీలో రాజ్యం అంటే మ్యాపు, కోటలు. ఈవిడకి రాజ్యం అంటే ఎవరేం చేయకూడదో అందరికీ తెలిసి ఉండటం.


పేజీతిప్పను:

బ్రో అవన్నీ తెలిస్తే గానీ ఎంజాయ్ చేయలేని పుస్తకం మంచి పుస్తకం ఎలా అవుతుంది? రచయిత్రి ఏం చదువుకుందో నాకెందుకు, పేజీలో ఏముందో అదే కదా లెక్క.


యోకోహామా_తెలుగోడు:

ఒప్పుకుంటా. అందుకే ‘వేరేగా చదివాను’ అన్నా గానీ ‘బాగుందని తేలింది’ అనలేదు. నాకూ దామియా అంటే విసుగే.


అమ్మచదివేకథ:

నేను దీన్ని మా పాపకి రాత్రిళ్ళు చదివి వినిపిస్తున్నాను. ఇంగ్లీషులో చూసి తెలుగులో చెప్పుకుంటూ పోతాను. మేముండేది డాలస్‌లో, పాపకి తెలుగు నిలవాలని ఈ పద్ధతి పెట్టుకున్నా. పాపకి పదేళ్ళు, అంటే సరిగ్గా ఎలిన్ వయసు. ఇది ముందు చూసుకోకుండా మొదలుపెట్టేశాను.

మడుగు దగ్గర ఘట్టం రాగానే నాకు గొంతు పట్టేసింది, పాప మాత్రం ఏడవలేదు. కోపం వచ్చింది. “వాళ్ళమ్మకి ఈల వేయడం వచ్చు కదా, ముందే వేసి ఇద్దరూ పారిపోవచ్చు కదా. టోడాలు ఎందుకు చచ్చిపోయాయో కూడా తెలుసు కదా, ఎందుకు చెప్పలేదు?” అని. నా దగ్గర జవాబు లేదు. పడుకో, తర్వాత తెలుస్తుంది అన్నాను. ఇప్పుడు సగం దాటాం, ఇంకా పూర్తిగా తెలియలేదు. రోజూ అదే అడుగుతోంది. ఈ దారం చదివేవాళ్ళలో ఎవరైనా చెప్పండి, ఆ తల్లి చేసింది మీకు సబబుగా అనిపించిందా?


చిత్తుపుస్తకం:

మీ పాప నా మనసులో ఉన్నది పట్టుకుంది, నేను పై పోస్టులో రాయలేకపోయింది ఇదే.

పూర్తిగా చెప్పకుండా చెప్తా. సోహ్యోన్ పొగమంచు మనుషులు అనే అహ్ల్యో జాతి ఆవిడ. వాళ్ళకి వెనకటి కాలంలో జరిగిన ఒక ఘోరం తెలుసు, ఈ మృగాల్ని మనిషి పూర్తిగా లొంగదీస్తే ఏం జరుగుతుందో చూసినవాళ్ళు. అందుకని తెలిసింది ఎవరికీ చెప్పకూడదని ఒట్టు. ఆ తల్లి పిల్లని బతికించడానికి ఒట్టు తప్పింది, తనని బతికించుకోవడానికి తప్పలేదు. నాకు ఆ నిర్ణయం అర్థమైంది, మెచ్చుకోలేకపోతున్నా. ఎందుకంటే ఆ తర్వాత ఎలిన్ పడిన పాట్లన్నీ తల్లి నోరు మూసుకోవడం వల్లే. తెలిసినవాళ్ళు దాచిపెట్టారు, ఈ పిల్ల సొంత తెలివితో అదే దారిలో అక్కడికే వెళ్ళింది, రాణిగారికి లీలన్ ఆయుధంలా కనిపించింది. దాచడం వల్ల ఏ ఘోరం ఆగింది?

దీని మీద కదా నవల నిలబడాలి. నిలబడుతుంది కూడా. కానీ ఆ వెనకటి కథ మనకి తెలిసే పద్ధతి చూడండి, అహ్ల్యో మనిషి ఒకడు చీకట్లో కనిపించి కూర్చోబెట్టి మొత్తం చెప్పేస్తాడు. ఇన్ని వందల పేజీలు ఎలిన్ ప్రతిదీ సొంతంగా చూసి, తప్పు చేసి, మళ్ళీ చూసి తెలుసుకుంది. అన్నిటికన్నా పెద్ద సంగతి మాత్రం ఎవడో వచ్చి ఉపన్యాసం ఇచ్చాడు. నాకు అక్కడ మోసం జరిగినట్టు అనిపించింది.


పాతచందమామ:

మీ సంభాషణ రెండు రోజులుగా చదువుతున్నాను, ఇప్పుడు నోరు విప్పుతాను. వయసు డెబ్బై దాటింది, చందమామ సీరియళ్ళు నెలనెలా కాచుకుని చదివిన తరం. మాకు జపాను రచయిత్రి కొత్త గానీ ‘ముసలాయన కనిపించి గతం చెప్పుట’ కొత్త కాదు, మా కథల్లో రాక్షసుడైనా చచ్చేముందు తన శాపం సంగతి పూర్తిగా చెప్పి చచ్చేవాడు. కనుక చిత్తుపుస్తకం అమ్మాయి అంత నొచ్చుకోనక్కర్లేదు.

నేను ఈవిడ పుస్తకం ఇంకోటి చదివాను, ‘మొరిబిటో: గార్డియన్ ఆఫ్ ద స్పిరిట్’. బాల్సా అని ముప్పై ఏళ్ళ ఆడమనిషి, బల్లెం పట్టి డబ్బుకి కాపలా కాసే వృత్తి. నదిలో పడ్డ రాజకుమారుణ్ణి కాపాడి ఆ కష్టంలో ఇరుక్కుంటుంది, ఆ పిల్లవాడి ఒంట్లో నీటి ఆత్మ గుడ్డు పెట్టింది, కన్న తండ్రే చంపించాలని చూస్తున్నాడు. అందులోనూ మధ్యలో పురాణం చెప్పించడం ఉంది, కానీ అక్కడ ఆ పురాణమే అసలు తగువు. గెలిచిన రాజులు రాయించుకున్న కథ ఒకటి, ఆ నేల మీద ముందునుంచీ ఉన్న యాకూ జనం చెప్పుకునే కథ ఒకటి, రెండూ పొసగవు. ఎవరి కథ నమ్మితే పిల్లవాడు బతుకుతాడు అన్నది ప్రశ్న. పైగా ఆ యాకూ వాళ్ళే తమ కథ సగం మర్చిపోయి ఉంటారు. మీరు చెప్పే నవలలో ఆ చిక్కు లేదు కాబోలు, చెప్పినవాడు చెప్పిందే నిజం అయిపోయింది. లోపం అక్కడుందని నాకు తోస్తోంది.


యోకోహామా_తెలుగోడు:

పెద్దాయన పట్టేశారు. మొరిబిటో మొదటి పుస్తకం 1996ది, ఇంగ్లీషులో 2008. పది సంపుటాల దాకా ఉన్న వరసలో రెండే ఇంగ్లీషులోకి వచ్చి ఆగిపోయాయి, ఆ బాధ వేరే. అనువాదం అవి కూడా హిరానో గారిదే. ఇంకో తమాషా, మారీ కోండో ఇల్లు సర్దుకునే పుస్తకం అనువాదం చేసింది కూడా ఆవిడే.


పేజీతిప్పను:

ఏంటీ!! మా అమ్మ బీరువా ఖాళీ చేయించిన పుస్తకం అదే. మా ఇంట్లో నాకు ఆవిడతో పాత పగ ఉన్నట్టుంది.

సరే సీరియస్‌గా. అమ్మచదివేకథ గారు అడిగినదానికి నా జవాబు, ఆ తల్లి చేసింది తప్పు. ముమ్మాటికీ. జాతి ఒట్టు, పాత ఘోరం అవన్నీ తర్వాత. కూతురు కళ్ళముందు అలా పోవడం కంటే ఒట్టు తప్పడం మేలు. సగమే చదివా కదా అనకండి, ఆ సగంలో నాకు కోపం వచ్చిన చోటు అదొక్కటే, అంటే నచ్చిన చోటు కూడా అదే అనుకుంట.


పశువైద్యుడు_తెనాలి:

నాకు ఆవిడ మీద కోపం రాలేదు. ఆవిడ చెప్పి ఉంటే? మందునీళ్ళు ఆపండి, టోడాలు వాటంతట అవి పిల్లల్ని పెడతాయి అని చెప్పి ఉంటే అలూహన్ ఏం చేసేవాడు, పదింతలు టోడాలు పెంచి పక్క దేశం మీద పడేవాడు. తెలిసిన మనిషికి ఆ లెక్క తెలుసు. చెప్తే అందరి పిల్లలూ చస్తారు, చెప్పకపోతే తన పిల్ల తల్లి లేనిదవుతుంది. వృత్తిలో నాకూ చిన్న సైజులో ఎదురవుతుంటాయి. ఫలానా మందు వేస్తే పాలు పెరుగుతాయి అని చెప్పానంటే ఊరంతా వాడేస్తారు, ఎంత వాడకూడదో వినరు. కొన్నిసార్లు తెలిసీ ఊరుకుంటాను. అది ఒప్పని అనను.

ఇంకో సంగతి, ఎలిన్ గొప్పతనం గురించి అందరూ అంటున్నారు గానీ ఆ పిల్ల లీలన్‌ని లొంగదీయలేదు అని నవల గట్టిగా చెప్పదు. తీగ మీటి పిలిస్తే వచ్చే మృగం, ఎక్కించుకుని యుద్ధంలోకి వెళ్ళే మృగం స్వేచ్ఛగా ఉన్నట్టా? ముక్కుతాడు మెత్తటి నూలుతో పేనినా ముక్కుతాడే. ఎలిన్‌కే ఈ అనుమానం వస్తుంది, అందుకే ఆ పిల్ల సంతోషంగా ఉండదు. దగ్గరైన కొద్దీ మృగానికి ప్రమాదం పెంచుతున్నాను అని తనకి తెలుసు. ఇది పిల్లల పుస్తకంలో రాయడానికి ధైర్యం కావాలి.


చిత్తుపుస్తకం:

ఇదిగో, ఇప్పుడు ముగింపు గురించి నా అభిప్రాయం కొంచెం కదులుతోంది. మారింది అనను. ఆఖర్న లీలన్ రావడం ఎవరి పిలుపుకీ కాదు. ఎలిన్ పిలవలేదు, పిలిచే స్థితిలో లేదు. అది దానంతట అది వచ్చింది. డాక్టరుగారు అడిగిన ప్రశ్నకి ఆ ఒక్క పేజీ జవాబు. ఆ జవాబు వచ్చేశాక రచయిత్రికి రాజ్యం ఏమైందో చెప్పాలనిపించలేదు. ఆవిడ వైపు నుంచి చూస్తే కథ అయిపోయింది.

కానీ నా వైపు నుంచి? నాకు రెండొందల పేజీల దర్బారు చదివించింది ఎవరు? సెయ్‌మియా పెళ్ళి చేసుకుంటుందా లేదా, షునన్ తమ్ముడు ఏం చేస్తాడు అని టెన్షన్ పెట్టి, ఆఖర్న అవి నాకు ముఖ్యం కాదు అంటే ఎలా. ముఖ్యం కానప్పుడు తగ్గించి రాయాల్సింది. పోనీ ఇయాల్ సంగతి చూడండి. రాణికి అంగరక్షకుడు, చిన్నప్పుడే తల్లి నుంచి తీసుకొచ్చి కత్తికి బలిచ్చిన మనిషి, చేతికి వాయిద్యం వచ్చు. ఎలిన్‌తో కలిసి ఉన్న పేజీలు చాలా తక్కువ. ఇద్దరూ ఒకే రకం ఒంటరితనం ఉన్నవాళ్ళు, మాట్లాడుకుంటే ఎంత బాగుండేదో, ఈ దామియా నవ్వులకి ఇచ్చిన చోటులో సగం వాళ్ళకిస్తే నేను ఈ దారం మొదలుపెట్టేదాన్నే కాదు.


యోకోహామా_తెలుగోడు:

రెండో పుస్తకం చదవండి, ఇయాల్ లోటు తీరుతుంది. ఏళ్ళు గడిచాక మొదలవుతుంది, వాళ్ళిద్దరికీ ఒక కొడుకు. ముగింపు ఏంటో చెప్పను. మొదటిది తెగిపోయింది అన్నవాళ్ళకి రెండోదాన్లో మిగిల్చిందేమీ లేదు, మొత్తం చెప్తుంది, చెప్పకపోయినా బాగుండేది అనిపించేంత. పాత ఘోరం అని అందరూ దాచింది ఏంటో ఈసారి ఉపన్యాసంలో కాకుండా కళ్ళముందే చూపిస్తుంది. అమ్మచదివేకథ గారూ, అది మాత్రం పాపకి చదివే ముందు మీరొకసారి చదువుకోండి.


నిర్వాహకుడు:

రెండో పుస్తకం ముగింపు ఇక్కడ రాయొద్దు. యోకోహామా గారూ, మీ పోస్టులో ఒక వాక్యం తీసేశాను, ఏదో మీకు తెలుసు. మిగతా గొడవ బాగుంది, కానివ్వండి.


అమ్మచదివేకథ:

హెచ్చరికకి థాంక్స్ అండీ. నిన్న రాత్రి పాపకి డాక్టరుగారి జవాబు నా మాటల్లో చెప్పాను, చెప్తే అందరి పిల్లలూ చస్తారని భయపడింది అని. కాసేపు ఆలోచించి “అయితే ఎలిన్‌కి ఒక్కదానికే చెవిలో చెప్పొచ్చు కదా” అంది. నిజమే కదా? పదేళ్ళ పిల్ల రహస్యం దాచలేదనుకుందా తల్లి? లేకపోతే తెలిసినందుకు ఆ పిల్లనీ చంపుతారనుకుందా? నేను మళ్ళీ ఆ పేజీలు తీసి చూశాను, ఆవిడ చివరి రాత్రి ఎలిన్‌కి తెలిసేలా ఏదీ చెప్పదు. ఈల వేసేముందు మాత్రం, ఇది నువ్వు ఎప్పుడూ చేయకూడదు అన్న మాట ఉంటుంది. కారణం లేదు. కారణం చెప్పకుండా ‘చేయకు’ అంటే పిల్లలు ఏం చేస్తారో మా ఇంట్లో రోజూ చూస్తున్నాను.

దర్బారు అధ్యాయాల గురించి మా ఇంట్లో ఒప్పందం కుదిరింది. వాటిని నేను పగలు చదివేసి, రాత్రి రెండు నిమిషాల్లో “ఇవాళ కోటలో ఏం జరిగిందంటే” అని వార్తల్లా చెప్పేస్తాను. ఆ తర్వాత లీలన్. పాపకి ఇలాగే బాగుందట.


పాతచందమామ:

అమ్మా, ఆ వార్తలు చదివే పద్ధతి ముందే తెలిసి ఉంటే నేను ఎన్నో నవలలు పూర్తి చేసి ఉండేవాణ్ణి.

ఈ పుస్తకం తెలుగులో వస్తే కొంటాను. ఇంగ్లీషు చదవడానికి కళ్ళు సహకరించడం లేదు, పేర్లు ఒకదానిలాగే ఇంకొకటి ఉన్నాయని వింటుంటే ఇంకా భయం. తెచ్చేవాళ్ళుంటే మాత్రం కుదించి తేవద్దని నా మనవి. మా కాలంలో పిల్లల కోసమని అనువాదాలు సగానికి సగం కోసి వేసేవారు, ఏం పోయిందో మాకు యాభై ఏళ్ళ తర్వాత తెలిసింది. ఎవరైనా ఇది కోసే పని పెట్టుకుంటే ముందు తీసేది తేనెటీగలే, రాసి పెట్టుకోండి.


చిత్తుపుస్తకం:

తేనెటీగలు తీస్తే నేను ధర్నా చేస్తా. దామియాని తీస్తే చేయను.


పేజీతిప్పను:

సరే, ఇంతమంది ఇన్ని చెప్తుంటే మళ్ళీ తీశా. ఆపింది తేనెటీగల దగ్గర కదా, దాటేసి లీలన్ దగ్గర్నుంచి మొదలుపెట్టొచ్చా? ఏమైనా మిస్ అవుతానా?


పశువైద్యుడు_తెనాలి:

అవుతావు. జోయున్ దగ్గర ఉన్నప్పుడే ఎలిన్ కొండల్లో అడవి రాజమృగాన్నీ దాని పిల్లనీ చూస్తుంది. ఆ చప్పుడు అక్కడ వినకపోతే తర్వాత కొట్టంలో తీగ ఎందుకు మీటుతోందో నీకు తెలియదు. ఈగలు నచ్చకపోతే ఈగల పేజీలు తిప్పేయ్, కొండ ఎక్కే దగ్గర మాత్రం ఆగు.


పేజీతిప్పను:

ఓకే డాక్టర్. ఆదివారం చూస్తా. నిద్రొస్తే ఇక్కడే వచ్చి తిడతా.


చిత్తుపుస్తకం:

రెండోది ఆర్డర్ పెట్టేశాను. వచ్చేలోపు ‘మొరిబిటో’ ఎవరి దగ్గరైనా ఉంటే హైదరాబాదులో అరువిస్తారా? పెద్దాయన చెప్పిన రెండు కథల తగువు చదవాలనుంది, పైగా అందులో దర్బారు తక్కువేనని ఆశ పడుతున్నా.